వేళ్లు లేని పావురం మీ పుస్తకంలో ఎందుకు లేదు?

ప్రశ్న: నేను ఉద్యోగం చేస్తాను, మూడో అంతస్తులో ఉంటాను. చుట్టూ కనిపించే ప్రకృతిని గమనించి రాసుకోవాలని చాలాకాలంగా కోరిక. ఒక మంచి నోట్‌బుక్ కొని మొదలుపెట్టాను. పదకొండు రోజులు రాశాను. పన్నెండో రోజు వెనక్కి తిరగేస్తే ప్రతి పేజీలోనూ ఒకటే: 'కాకి. పావురాలు. ఎండ. కుండీలో చీమలు.' ఇక రాయబుద్ధి కాలేదు. అడవులకు, కొండలకు వెళ్లే తీరిక లేదు. బొమ్మలు వేయడం రాదు. మొక్కల పేర్లు, పిట్టల పేర్లు తెలియవు. ఫోన్‌లో ఇతరులు పెట్టే అందమైన పేజీలు చూస్తే నాది ఎందుకూ పనికిరాదనిపిస్తుంది. మా బాల్కనీకి రోజూ వచ్చే ఒక పావురానికి కాలి వేళ్లు లేవు, దాన్ని చూస్తే జాలేస్తుంది, అంతకుమించి చెప్పుకోదగ్గది ఏదీ కనిపించదు. రోజూ చూసేవాటినే మళ్లీ మళ్లీ చూసి రాసే స్ఫూర్తి ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి?

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఆ పావురం దగ్గర ఆగిపోయాను. పావురాలన్నీ ఒకేలా ఉంటాయని అందరూ అంటారు. మీరు వాటిలో ఒకదాన్ని విడిగా గుర్తుపడుతున్నారు. దాని కాలికి వేళ్లు లేవని చూశారు. అదే రోజూ వస్తోందని కనిపెట్టారు. జాలిపడ్డారు. పదకొండు రోజుల పుస్తకంలో ఎక్కడా లేని ఈ విషయం నాకు రాసిన ఉత్తరంలో ఒక్క వాక్యంలో వచ్చేసింది. చెప్పుకోదగ్గది కాదనుకున్నారు కాబట్టి పుస్తకంలోకి ఎక్కించలేదు. స్ఫూర్తి మీ దగ్గర ఉంది. ఏది రాయదగ్గదో, ఏది కాదో ఇంకెవరో ముందే తేల్చేశారని మీరు నమ్ముతున్నారు. నాకు చిక్కు అక్కడే కనిపిస్తోంది.

ముందు ఆ నాలుగు మాటల సంగతి చూద్దాం. కాకి, పావురాలు, ఎండ, చీమలు. అన్నీ పేర్లే. వచ్చినవాళ్ల పేర్లకు ఎదురుగా టిక్కు పెట్టుకుంటూ పోతే అది హాజరు పట్టీ అవుతుంది. హాజరు పట్టీ పదకొండు రోజులు రాస్తే ఎవరికైనా విసుగే, అందులో మీ లోపం ఏమీ లేదు. కాకి పేరు రోజూ ఒకటే ఉంటుంది. కాకి చేసే పని మాత్రం రోజూ ఒకటి కాదు. అందుకే పేరు రాసి ఆగకండి, అది ఏం చేసిందో రాయండి. మన భాషలో వాక్యం చివర క్రియ వస్తుంది, అది వచ్చేదాకా వినేవాళ్లు ఆగి వింటారు. మీ పుస్తకంలో కాకి ఇంకా క్రియ కోసం కూర్చునే ఉంది.

నా పుస్తకంలోంచి ఒక పేజీ చెబుతాను. ఒకరోజు పొద్దున్న ఎదురు పిట్టగోడ మీద కాకి వాలింది. అంతవరకే రాసి ఉంటే అది మీ పేజీలాగే ఉండేది. దాని ముక్కులో తెల్లగా ఏదో ముక్క ఉంది. తినలేదు. రెండు గెంతులు అటు, రెండు గెంతులు ఇటు గెంతింది. తల పక్కకు వంచి నా కిటికీ వైపు చూసింది. గోడలో ఒక పగులు ఉంది, అక్కడికి వెళ్లి ఆ ముక్కను లోపలికి తోసింది. ముక్కుతో రెండుమూడు సార్లు పొడిచి సర్దింది. పక్కన పడి ఉన్న ఎండుటాకు ఒకటి తెచ్చి పగులు మీద పెట్టింది. గాలికి ఆకు జారిపోయింది. మళ్లీ తెచ్చి, ఈసారి కాస్త లోపలికి నొక్కి పెట్టింది. ఎగిరిపోయింది. మొత్తం ఒక నిమిషం కూడా పట్టలేదు. ఆ పేజీ చివర నేను రాసుకున్నది: 'దీనికోసం మళ్లీ ఇదే వస్తుందా? ఇంకో కాకి చూసి ఎత్తుకుపోతుందా?'

మర్నాడు పొద్దున్న నేను అలారం లేకుండా లేచాను. ఆ పగులు సంగతి తెలుసుకోకపోతే ఏ పనీ తోచేలా లేదు. మెట్లు దిగి వెళ్లి చూస్తే ముక్క లేదు, ఆకు గోడ కింద నేల మీద పడి ఉంది. ఎవరు తీశారో ఇప్పటికీ తెలియదు. కాకి జాతి పక్షులు తిండి దాచుకుంటాయని, వాటిలో కొన్నింటికి దాచేటప్పుడు ఇంకో పక్షి చూసిందన్న అనుమానం వస్తే తర్వాత ఒంటరిగా వచ్చి చోటు మారుస్తాయని ఆ తర్వాతే చదివాను. చదవడానికి నన్ను నడిపింది ఆ పేజీ చివరి ప్రశ్న. మీరు స్ఫూర్తి అంటున్నది నాకు ఎప్పుడూ ఇలాగే వచ్చింది, నిన్న జవాబు దొరక్క వదిలేసిన ప్రశ్నలోంచి. మీ పదకొండు పేజీల్లో ఒక్క ప్రశ్న గుర్తు కూడా లేదు. పన్నెండో పేజీ నుంచి రోజుకొకటి ఉండేలా చూడండి. జవాబు దొరకాలని నియమం పెట్టుకోవద్దు.

తీరిక లేదన్నారు. రోజుకు పది నిమిషాలు చాలు, అయితే అవి ఒకేచోట గడపండి. బాల్కనీలో ఒక మూల ఎంచుకోండి. మొదటి మూడు నిమిషాలూ ఏమీ జరగదు, అది ముందే తెలిసి కూర్చోండి. మీరు వచ్చిన అలికిడికి పిట్టలు సర్దుకుంటాయి, బల్లి కదలకుండా ఉండిపోతుంది, మీ బుర్రలో ఆఫీసు టెన్షన్ ఇంకా తిరుగుతూ ఉంటుంది. నాలుగో నిమిషమో ఐదో నిమిషమో, మీరు అక్కడ లేనట్టే వాటి పనుల్లో అవి పడతాయి. చాలామంది మూడో నిమిషంలో లేచిపోతారు. మీరు కూడా అక్కడే లేచిపోతున్నారేమో అని నా అనుమానం. ఫోన్ లోపల పెట్టి కూర్చోండి, టైమ్ చూసుకోవడానికి చేతి వాచీ చాలు.

అడవి లేదని బాధపడకండి. ఫ్రాన్స్‌లో జాన్ హెన్రీ ఫాబ్ర్ అనే ఆయన పురుగుల గురించి రాసినదాంట్లో చాలా భాగం తన ఇంటి చుట్టూ ఉన్న రాళ్ల నేలలో చూసిందే. 1896లో ఆయన దగ్గర ఒక పెద్ద కుండీ అంచు మీదికి గొంగళిపురుగులు ఎక్కాయి. అవి ఒకదాని వెనక ఒకటి నడిచే జాతివి, ముందుది వదిలిన దారాన్ని పట్టుకుని వెనకది పోతుంది. అంచు గుండ్రంగా ఉంది కాబట్టి ముందున్నది వెళ్లి ఆఖరిదాని వెనక చేరింది. ఇక నాయకుడు లేడు, అన్నీ వెనక నడిచేవే. అలా ఏడు రోజులు ఆ అంచు చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి. చలికి ఆగేవి, వెచ్చబడితే మళ్లీ నడిచేవి. ఆయన కూర్చుని చూశాడు, రాసుకున్నాడు. అదీ ఒక కుండీయే. మీ కుండీలోనూ చీమలు ఉన్నాయని రాశారు.

ఆ చీమల బారు దగ్గర ఒక సాయంత్రం గడపండి. ఎటు నుంచి వస్తున్నాయి, ఎటు పోతున్నాయి? ఏ వైపు వెళ్లేవాటి నోట్లో బరువు ఉంది? ఎదురెదురైన రెండు చీమలు ఒక్క క్షణం ఆగి మీసాలు తాకించుకుంటాయి, పది జతల్లో ఎన్ని అలా ఆగాయో లెక్కపెట్టండి. బారుకు అడ్డంగా వేలితో ఒక్కసారి గట్టిగా రుద్దండి. చాలా చీమలు దారిని వాసనతో పట్టుకుంటాయి, ఆ వాసన చెరిగిపోతుంది. వచ్చినవి వచ్చినట్టు ఆ గీత దగ్గర తచ్చాడతాయి, వెనక్కి తిరుగుతాయి, పక్కకు వెతుకుతాయి. అటువైపు మొదట దాటిన చీమకు ఎంతసేపు పట్టింది? బారు మళ్లీ తిన్నగా కలవడానికి ఎంతసేపు? ఈ రెండు అంకెలు రాసుకుంటే చాలు, మర్నాడు ఇంకోచోట రుద్ది చూడాలనిపిస్తుంది.

చీమల దగ్గర ఉండగానే బొమ్మ విషయం కూడా చెబుతాను. ఇప్పుడే, చీమను చూడకుండా, గుర్తున్నంతవరకు ఒక చీమ బొమ్మ వేయండి. తర్వాత అసలు చీమను పక్కన పెట్టుకుని చూడండి. చాలామంది కాళ్లను పొట్టకు తగిలిస్తారు. చీమ ఒంట్లో మూడు భాగాలు కనిపిస్తాయి, ఆరు కాళ్లూ మధ్య భాగం నుంచే వస్తాయి. మీసాలు తిన్నగా ఉండవు, మోచెయ్యిలా మధ్యలో మడత పడి ఉంటాయి. ఇన్నేళ్లూ రోజూ చూసిన చీమ కాళ్లు ఎక్కడ ఉంటాయో మనకు తెలియదని ఆ బొమ్మ చెప్పేస్తుంది. నోట్‌బుక్‌లో బొమ్మకు ఉన్న పని అదే. అందంగా ఉండనవసరం లేదు. రెండు గీతలు గీసి, బాణం గుర్తు పెట్టి 'ఇక్కడ ముదురు రంగు' అని రాసినా బొమ్మే. ఫొటో తీయొద్దని అనను, రాసిన తర్వాత తీయండి. ముందే ఫొటో తీస్తే 'తర్వాత చూద్దాంలే' అని కన్ను వెంటనే పక్కకు పోతుంది.

మీ బాల్కనీ చువ్వల మధ్య ఎప్పుడైనా గుండ్రటి సాలెగూడు కనిపిస్తే మాత్రం ఒక సాయంత్రం పూర్తిగా దానికి ఇచ్చేయండి. ఈ ఒక్క విషయంలో పది నిమిషాలు సరిపోవు, అరగంటో గంటో పడుతుంది. నేను మొదటిసారి మొదటి నుంచి చివరిదాకా చూసినప్పుడు దీపం వెలుగు పక్క నుంచి పడుతోంది, దారాలు తళుక్కుమంటున్నాయి. సాలెపురుగు ముందు చట్రం కట్టుకుంది. తర్వాత మధ్య నుంచి అంచులకు, సైకిల్ చక్రంలో స్పోకుల్లా, దారాలు లాగింది. ప్రతి దారం లాగేముందు పక్క దారాన్ని కాలితో తడిమి చూసుకుంటోంది. స్పోకులు అయ్యాక మధ్య నుంచి బయటికి కాస్త ఎడం ఎడంగా చుట్లు తిరిగింది. ఇక అయిపోయిందనుకున్నాను. అప్పుడు వెనక్కి తిరిగింది. బయటి అంచు నుంచి లోపలికి, ఈసారి చాలా దగ్గర దగ్గరగా, కొత్త దారం వేసుకుంటూ వస్తోంది. వస్తూ వస్తూ ఇందాక వేసిన చుట్లను తెంపేస్తోంది. మొదట వేసింది ఇల్లు కట్టేటప్పుడు వేసే సారవలాంటిది, నిలబడటానికి మాత్రమే. పురుగులను పట్టే జిగురు దారం రెండోది. మధ్యకు చేరి, తల కిందికి పెట్టి, ఎనిమిది కాళ్లూ దారాల మీద ఆనించి కదలకుండా కూర్చుంది. గుండ్రటి గూడు కట్టే జాతుల్లో చాలావరకు పాతబడ్డ గూటిని తామే తినేసి, మళ్లీ కొత్తది కడతాయి. అందుకే నిన్నటి గూడూ ఇవాళ్టి గూడూ ఒకటేనని అనుకోవద్దు. స్పోకులు లెక్కపెట్టి రాసుకోండి, రేపు మళ్లీ లెక్కపెట్టండి.

అంకెలంటే కొందరికి పొడిగా అనిపిస్తాయి. నాకు అలా అనిపించదు. 'చాలా పావురాలు' అని రాస్తే ఏడాది తర్వాత మీకే అర్థం కాదు, '14 పావురాలు, 6:20కి' అని రాస్తే అర్థమవుతుంది. ఆకాశాన్ని కొలవడానికి పరికరాలు కూడా అక్కర్లేదు. చెయ్యి పూర్తిగా చాచి పిడికిలి బిగించి పట్టుకుంటే ఆ పిడికిలి వెడల్పు ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. రోజూ ఒకే సమయానికి చంద్రుణ్ని చూడండి, నిన్నటి చోటు కంటే ఒక పిడికిలి పైచిలుకు తూర్పుకు జరిగి ఉంటాడు. చంద్రోదయం రోజురోజుకూ సగటున 50 నిమిషాలు ఆలస్యమవుతుందని పుస్తకాల్లో ఉంటుంది. మీ చేతితో కొలుచుకున్నాక ఆ మాట మీ సొంతమవుతుంది.

మీరు రోజూ రాసిన 'ఎండ' కూడా అలాంటిదే. మీ బాల్కనీకి పడమర కనిపిస్తే, సూర్యుడు ఏ మేడ వెనక, ఏ చెట్టు పక్కన దిగుతున్నాడో ఒక గీత గీసి తేదీ వేయండి. కనిపించకపోతే పొద్దున్న ఒకే సమయానికి ఎండ గోడ మీద ఎంతవరకు పడిందో పెన్సిల్‌తో సన్నని గీత పెట్టండి. వారానికోసారి చాలు. మార్చి, సెప్టెంబర్ నెలల్లో ఆ గీత ఎంత జరుగుతుందో చూసి ఆశ్చర్యపోతారు. జూన్ 21 దగ్గర, డిసెంబర్ 22 దగ్గర దాదాపు కదలకుండా నిలబడిపోతుంది. అక్కడి నుంచి వెనక్కి తిరుగుతుంది. బడిలో చదివిన అయనాలు మీ గోడ మీదే కనిపిస్తాయి.

పేర్లు తెలియకపోవడం అడ్డం కాదు. మీరే పేరు పెట్టుకోండి, 'తోక ఆడించే బూడిదరంగు పిట్ట' అన్నా చాలు, అసలు పేరు తర్వాత వస్తుంది. ఫొటో చూపిస్తే పేరు చెప్పే ఐనాచురలిస్ట్ లాంటి యాప్‌లు ఉన్నాయి, మంచివే. అయితే యాప్ తెరిచేముందు మీ కంటికి కనిపించిన నాలుగు విషయాలు రాసేయండి. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా? పువ్వుకు రెక్కలెన్ని? రాత్రి ఆకులు ముడుచుకుంటున్నాయా? పేరు దొరకగానే కన్ను పని మానేస్తుంది, అందుకే ఈ తొందరపాటు వద్దంటున్నాను.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండమంటాను. చూసిందే రాయండి. అనుకున్నది వేరే గీత కింద రాయండి. 'కాకి కోపంగా అరిచింది' అనేది మనం అనుకున్నది. 'మెడ ముందుకు చాచి, రెక్కలు కాస్త ఎత్తి, ఐదుసార్లు అరిచింది, మెట్ల మీద పిల్లి ఉంది' అనేది చూసింది. రెండూ ఉండొచ్చు, మీ జాలీ మీ సంతోషమూ కూడా ఉండొచ్చు, కలిసిపోకూడదు. ఇది నాకు నష్టం జరిగాక తెలిసింది. ఒకప్పుడు వరుసగా నాలుగు రోజులు రాయలేదు. ఖాళీ పేజీలు చూస్తే మనసొప్పక, తర్వాత ఒకరోజు కూర్చుని ఊహించి నింపేశాను. వాన పడింది, పిట్టలు వచ్చాయి, అంతా నిజమై ఉండొచ్చన్నట్టుగా. రెండేళ్ల తర్వాత, మొదటి వాన పడ్డ ఎన్నాళ్లకు కుండీలో వాన లిల్లీలు పూశాయో చూసుకోవాల్సి వచ్చింది. సరిగ్గా ఆ నాలుగు రోజులే కావాలి. పేజీ నిండా అక్షరాలు ఉన్నాయి, ఒక్కదాన్నీ నమ్మలేకపోయాను. ఖాళీగా వదిలి ఉంటే కనీసం తెలియదని తెలిసేది. ఆ బాధ ఇప్పటికీ ఉంది. కాబట్టి రోజులు తప్పితే తప్పనివ్వండి. వెనకటి వాటిని నింపకుండా ఇవాళ్టి తేదీ వేసి ముందుకు పోండి. పది నిమిషాలు కూర్చున్నా ఏమీ రాని రోజున 'ఏమీ రాలేదు' అని రాయండి. పావురాలు రాని రోజు ఏదో మీ పుస్తకంలో ఉండాలి కదా, లేకపోతే అవి రోజూ వస్తాయన్న మాటకు ఆధారమేముంది?

ఫోన్‌లో కనిపించే అందమైన పేజీల గురించి అడిగారు. అవి వేసినవాళ్ల శ్రమ మీద నాకు గౌరవం ఉంది. కానీ చూపించడానికి వేసే పేజీ వేరు, చూడటానికి రాసుకునే పేజీ వేరు. మీరు మొదలుపెట్టింది రెండోది. దాన్ని ఎవరికీ చూపించకండి, కనీసం ఒక ఏడాది. మంచి నోట్‌బుక్ పాడవుతుందనే భయం ఉంటే దాన్ని పక్కన పెట్టి, చేతిలో ఇమిడే మామూలు పుస్తకం తీసుకోండి. పెన్సిల్ మేలు, తడిసినా అక్షరం కారిపోదు.

ఇక ఇంత మామూలు విషయాలు రాస్తే ఎవరికి పనికొస్తుందని మీ ఉత్తరం అంతటా ఒక దిగులు ఉంది. ఇంగ్లండ్‌లో రాబర్ట్ మార్షం అనే భూస్వామి 1736లో తన ఎస్టేట్‌లో చూసినవి రాసుకోవడం మొదలుపెట్టాడు. ఏ చెట్టు ఎప్పుడు చిగురించింది, కప్పలు మొదట ఎప్పుడు అరిచాయి, కోకిల ఎప్పుడు కూసింది. అంతే. ఆయన పోయాక ఆ ఇంటివాళ్లు తరాల తరబడి అదే పని కొనసాగించారు, 1958 దాకా. అందులో ఒక్క వింత కూడా లేదు, ఏటా జరిగేవే. రెండు శతాబ్దాలకు పైగా తేదీలు ఉన్నాయి కాబట్టి వసంతం ఎలా జరుగుతూ వస్తోందో చూడటానికి శాస్త్రవేత్తలకు అవి అక్కరకొచ్చాయి. అమెరికాలో హెన్రీ డేవిడ్ థోరో అనే రచయిత 1850ల్లో తాను ఉన్న కాంకర్డ్ అనే ఊళ్లో పూలు మొదట విచ్చిన తేదీలు రాసుకున్నాడు. నూట యాభై ఏళ్ల తర్వాత పరిశోధకులు అదే ఊళ్లో చూస్తే మామూలు మొక్కలు సగటున ఒక వారం ముందే పూస్తున్నాయని తేలింది. జపాన్‌లోని క్యోటోలో చెర్రీ చెట్లు విరగబూసిన తేదీలు 9వ శతాబ్దం నుంచి దొరుకుతున్నాయి. వాటిని రాసినవాళ్లు ఆస్థానంలోని వాళ్లు, భిక్షువులు, తమ డైరీల్లో ఆ రోజు పూలు చూశామని ఒక మాట రాసుకున్నవాళ్లు. ఆ మాటలు ఉన్నాయి కాబట్టే 2021లో మార్చి 26న పూసినప్పుడు, పన్నెండు వందల ఏళ్లలో ఇంత తొందరగా పూసిన దాఖలా లేదని చెప్పగలిగారు. వీళ్లెవరికీ తాము రాస్తున్నది ఎందుకు పనికొస్తుందో తెలియదు. తేదీ వేశారు, అది ఒక్కటి చేశారు.

అన్నిటికంటే నాకు ఇష్టమైంది డార్విన్ సుద్ద ముక్కల కథ. 1842లో ఆయన తన ఇంటి దగ్గర పొలంలో కొంత మేర సుద్ద ముక్కలు చల్లించాడు. వానపాములు కింది మట్టిని పైకి తెచ్చి పోస్తుంటే ఆ సుద్ద ఎంత లోతుకు పోతుందో చూడాలని. తేదీ రాసుకుని వదిలేశాడు. 1871లో, 29 ఏళ్లకు, అక్కడ కందకం తవ్వి చూస్తే ఏడు అంగుళాల లోతున తెల్లటి చారగా కనిపించింది. మధ్యలో ఆయన ఎన్నో పుస్తకాలు రాశాడు, పిల్లలను పెంచాడు, జబ్బుపడ్డాడు. వానపాములు వాటి పని అవి చేస్తూ ఉన్నాయి. మీరు ఆరు నెలలు పుస్తకం మూసి ఉంచినా మీ గోడ మీద ఎండ గీత జరుగుతూనే ఉంటుంది, తిరిగి వచ్చినప్పుడు అక్కడి నుంచి రాయొచ్చు. తప్పిపోయిన రోజుల గురించి అపరాధ భావం పెట్టుకోకండి.

మళ్లీ మీ పావురం దగ్గరికి వస్తాను. నగరాల్లో పావురాల వేళ్లు ఎందుకు పోతాయో తెలుసా? చాలామంది ఏదో రోగమనుకుంటారు. పారిస్‌లో పరిశోధకులు చాలాచోట్ల తిరిగి పావురాల కాళ్లు చూసి లెక్క రాశారు, 2019లో ప్రచురించారు. మనుషుల రద్దీ, కాలుష్యం ఎక్కువున్న చోట్ల వేళ్లు పోయిన పావురాలు ఎక్కువ. జుట్టు కత్తిరించే సెలూన్లు ఎక్కువున్న చోట్లా ఎక్కువే. నేల మీద పడ్డ దారాలు, వెంట్రుకలు నడిచేటప్పుడు కాలి వేళ్లకు చుట్టుకుంటాయి. పావురం విప్పుకోలేదు. బిగుసుకుపోయి, రక్తం ఆగి, కొన్నాళ్లకు వేలు ఊడిపోతుంది. చూడండి, మీరు చెప్పుకోదగ్గది కాదన్న విషయాన్ని ఎవరో నగరంలో తిరిగి తిరిగి లెక్కపెట్టారు.

కాబట్టి రేపు పొద్దున్న అది వచ్చినప్పుడు పన్నెండో పేజీ తెరవండి. వేళ్లు పోయింది కుడి కాలికా, ఎడమ కాలికా? ఎన్ని పోయాయి, ఎన్ని మిగిలాయి? మిగిలిన వేళ్లకు దారం ఏదైనా కనిపిస్తోందా? గోడ మీద వాలేటప్పుడు ఏ కాలు ముందు ఆనిస్తుంది? మిగతా పావురాలు దాన్ని గింజల దగ్గరికి రానిస్తున్నాయా? వచ్చిన టైమ్ వేయండి. దాన్ని పట్టుకోవడానికి ప్రయత్నించకండి, బెదిరిపోతుంది. దారం స్పష్టంగా కనిపిస్తే పక్షుల వైద్యం తెలిసినవాళ్లకు చెప్పండి.

వారం తర్వాత నాకు రాయండి. ఏ కాలో తెలుసుకోవాలని నాకూ ఉంది.